బాలింతల వార్డు స్లాబ్ పెచ్చులూడుతోంది, ఎస్టిమేట్ వేసి రెండేళ్లయింది. వానలు పడేలోపు ఏం చేయొచ్చు?

ప్రశ్న: కొత్త_ఆర్‌ఎంఓ (మే రెండో వారం)

అందరికీ నమస్తే. వంద పడకల ఏరియా ఆసుపత్రిలో జనవరిలో ఆర్‌ఎంఓగా (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్‌గా) చేరాను. ఊరి పేరు వద్దు, కోస్తాలో ఒక చిన్న టౌన్ అనుకోండి, సముద్రం పది కిలోమీటర్ల లోపే. కింది అంతస్తు 1980ల్లో కట్టింది, పైది ఆ తర్వాత కొన్నేళ్లకి వేశారు. ఆ పైదాంట్లోనే బాలింతల వార్డు.

పోయిన గురువారం రాత్రి రెండింటప్పుడు స్లాబ్ నుంచి అన్నం పళ్లెమంత పెచ్చు ఊడి రెండు మంచాల మధ్య పడింది. అక్కడ కింద చాప మీద ఒక పెద్దామె పడుకుని ఉంది, బాలింత వాళ్ల అమ్మమ్మ. ఆమె తలకీ పెచ్చు పడ్డ చోటుకీ జానెడు దూరం. దెబ్బ తగల్లేదు. ఆమె లేచి ముక్కల్ని చేత్తో మంచం కిందికి నెట్టేసి మళ్లీ పడుకుందట. నాకే ఆ తర్వాత రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

పొద్దున వార్డుకి వెళ్తే ఇంకోటి కనబడింది. నేల మీద అక్కడక్కడా తెల్ల ప్లాస్టర్, మనం సెలైన్ సూదికి వేసేదే, రెండు ముక్కలు ఇంటూ గుర్తులా అంటించి ఉన్నాయి. ఇదేంటి అని హెడ్ సిస్టర్‌ని అడిగితే "అక్కడ కారుద్ది సార్, మంచం వెయ్యొద్దని గుర్తు" అంది. నాలుగు వానాకాలాల నుంచి ఇదే పద్ధతట. తుడిచినప్పుడు ఊడితే మళ్లీ అంటిస్తారు. మొత్తం ఏడు గుర్తులు. 20 మంచాల వార్డులో వాటికి చోటు వదిలితే 13 పడుతున్నాయి. బాత్రూమ్ వైపు మూలన ఉన్న గుర్తు మీద మొన్న కూడా తడి ఉంది, ఎండలు మండిపోతున్న ఈ మే నెలలో, అది తుడిచిన తడేమో అనుకున్నాను.

కాగితాల సంగతి చెప్తాను. రెండేళ్ల కింద 38 లక్షలకి ఎస్టిమేట్ వేశారు. పైకి వెళ్లింది. ఈలోగా కొత్త ఎస్‌ఎస్‌ఆర్ రేట్లు (పనులకి సర్కారు కట్టే రేట్లు) వచ్చాయని వెనక్కి వచ్చింది. మళ్లీ వేశారు, మళ్లీ వెళ్లింది, ఈసారి ఏ హెడ్ (పద్దు) కింద ఖర్చు రాయాలో తేలలేదని ఆగింది. ఆసుపత్రుల పనులు చూసే కార్పొరేషన్ ఇంజినీర్లని అడిగితే ఆ బిల్డింగ్ ఆర్ అండ్ బీ వాళ్లు కట్టింది అంటారు. ఆర్ అండ్ బీకి వెళ్తే మేం ఎప్పుడో అప్పజెప్పేశాం కదా అంటారు. అప్పజెప్పిన కాగితం ఇద్దరి దగ్గరా లేదు. మా హెచ్‌డీఎస్ (ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ) ఖాతాలో రెండు లక్షల లోపే ఉంది. పైగా "కొత్త బ్లాక్ వస్తుంది కదా డాక్టర్ గారూ, పాతదానికి డబ్బులు తగలేయడం ఎందుకు" అని ఒక మాట ఊళ్లో తిరుగుతోంది. ఆ కొత్త బ్లాక్‌కి ఇంకా స్థలమే తేలలేదు.

నేను ఎంబీబీఎస్ చదివాను, కాంక్రీట్ గురించి నాకేం తెలుసు. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు నా చేతిలో ఉన్న డబ్బుతో, నా సంతకానికి ఉన్న విలువతో ఏం చేయొచ్చు? వార్డు మూసేసే అధికారం మాకుందా? రేపు ఏదైనా అయితే ఎవరి మెడకి చుట్టుకుంటుంది? ఈ మూడోది సిగ్గుపడుతూనే అడుగుతున్నాను.

జవాబు: రిటైర్డ్_డీఈ

డాక్టర్ గారూ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు మేడ ఎక్కారా? పోనీ ఆ ఎస్టిమేట్ వేసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఎక్కాడా? 38 లక్షలు అని రౌండుగా ఉంటే నాకు అనుమానమే, చదరపు మీటర్లకి రేటు వేసి కింద టీ తాగి వెళ్లిపోయి ఉంటారు. నేనూ ఆ ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో 31 ఏళ్లు చేసినవాణ్ణే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

ప్రభుత్వాసుపత్రి మేడ మీద ఏముంటుందో ఇక్కడి నుంచే చెప్తాను. విరిగిన ఇనుప మంచాలు, కొబ్బరిపీచు పరుపులు, పాత కూలర్ డబ్బాలు, కాళ్లు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు. పాత సామాను కండెమ్ చేయాలంటే కమిటీ కూర్చోవాలి, వేలం వేయాలి. కమిటీ కూర్చోదు. అందుకని పైకి ఎక్కిస్తారు. పరుపు పీచు వానకి కొట్టుకొచ్చి పైపు మూతిలో కూరుకుంటుంది. మంచం కోళ్లు పైన వేసిన సున్నం పొరని పొడిచేస్తాయి. పిట్టగోడ మొదట్లో ఒక రావి మొక్క తప్పకుండా ఉంటుంది, దాన్ని పైపైన కోస్తే ఇంకా బలంగా వస్తుంది. మీరు వార్డులో చూస్తున్నది పైన నిలిచిన చెరువు.

ఇప్పుడు పెచ్చు ఎందుకు పడిందో చెప్తాను. కాంక్రీట్ బాగున్నంత కాలం లోపలి ఇనుము భద్రంగా ఉంటుంది. నీళ్లు, మీ వైపు అయితే ఉప్పు కూడా, లోపలికి దిగితే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, అసలు ఇనుము కంటే రెండింతలో అంతకు మించో చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కింది కవరు, అంటే ఇనుముని కప్పి ఉన్న కాంక్రీట్ పొర, పగిలి పళ్లెంలా ఊడుతుంది. మీ బిల్డింగ్ నాటికి ఉన్నది 1978 కాంక్రీట్ కోడ్, అందులో మామూలుగా స్లాబ్‌కి 15 మిల్లీమీటర్ల కవరు చాలన్నారు. 2000లో కోడ్ మార్చినప్పుడు సముద్రపు గాలికి నేరుగా తగిలే కాంక్రీట్‌కి 45 కావాలన్నారు. అంటే మీ స్లాబ్‌కి ఒంటిమీద చొక్కా లేదు, బనీను మాత్రమే ఉంది. దాన్ని కట్టినవాళ్ల తప్పు అనలేం, అప్పటి రూలు అది.

ఇవాళే చేయాల్సినవి రాస్తున్నాను. ఒక మేస్త్రీని పిలిచి పొడుగు కర్రకి చిన్న సుత్తి కట్టించి స్లాబ్ అంతా కింద నుంచి తట్టించండి. గట్టిగా ఉన్నచోట ఖంగున మోగుతుంది, వదులైన చోట డొల్లగా మోగుతుంది, ఆ తేడా మీకూ తెలిసిపోతుంది, స్టెతస్కోప్ పెట్టేవాళ్లు కదా. డొల్ల వచ్చిన చోటల్లా సుద్దతో గీయించి, ఊగుతున్న ముక్కల్ని వాళ్ల చేతే రాల్పించండి. వార్డు ఖాళీగా ఉన్నప్పుడే. లోపల ఇనుము చూడండి. పైపైన తుప్పయితే ఒక కథ. చువ్వ సన్నబడి చాకుతో గీకితే పొరలు పొరలుగా వస్తుంటే ఇంకో కథ, అప్పుడు ఆ భాగం కింద సెంట్రింగ్ జాకీలు, అంటే స్లాబ్‌ని మోసే ఇనుప పోస్టులు, నిలబెట్టాల్సిందే. అద్దెకి దొరుకుతాయి. జాకీలు లేకపోతే సరుగుడు బాదులు. ఏ లైన్లో ఎక్కడ పెట్టాలో మాత్రం ఇంజినీర్ చేత చెప్పించుకోండి, స్లాబ్ మధ్యలో ఒక కర్ర బిగించి కొడితే మేలు కంటే కీడు ఎక్కువ.

సిమెంట్ పూత వేయించి రంగు కొట్టించకండి. మంత్రి గారు వస్తున్నారంటే అదే చేస్తారు. లోపల తుప్పు పని ఆగదు, రెండేళ్లకి పాత పెచ్చు, కొత్త పూత కలిసి ఇంకా బరువుగా పడతాయి. అసలు రిపేరు అంటే వదులైనదంతా తీసి, చువ్వకి తుప్పు గీకి, పూత పూసి, అవసరమైతే కొత్త చువ్వ కలిపి, పాలిమర్ మోర్టార్‌తో నింపాలి. అది కూడా పైన నీళ్లు ఆపాకే.

ఇంకొకటి. బాత్రూమ్ వైపు గుర్తు మేలో తడిగా ఉందన్నారే, అది మీరు తేలిగ్గా రాసేశారు కానీ మీ పోస్టులో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. వాన లేకుండా కారుతోందంటే అది వాన నీరు కాదు. పైన ట్యాంకు ఎక్కడుందో చూడండి.

వార్డు మూయడం గురించి. బిల్డింగ్ బాగోలేదని సర్టిఫై చేసే అధికారం మీకు లేదు. రోగుల్ని ఒక గది నుంచి ఇంకో గదికి మార్చే అధికారం సూపరింటెండెంట్‌కి నిక్షేపంలా ఉంది, ఎవరినీ అడగక్కర్లేదు. మార్చేశాక ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌కి) ఒక ఉత్తరం రాయండి. "రిపేరు చేయండి" అని రాయకండి, అలాంటివి ఆయన దగ్గర బీరువా నిండా ఉంటాయి. "ఈ వార్డులో రోగుల్ని ఉంచవచ్చునా, ఉంచకూడదా, రాతపూర్వకంగా తెలియజేయగలరు" అని రాయండి. ఉంచవచ్చు అని సంతకం పెట్టే ఇంజినీర్ ఉండడు. ఉంచకూడదు అని రాస్తే ఆ కాగితమే మీ ఫైల్‌ని మోస్తుంది. కాపీ కలెక్టర్ ఆఫీసుకి, తపాలాలో ముద్ర వేయించుకోండి. మీ మూడో ప్రశ్నకి కూడా ఇదే జవాబు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

జవాబు: నైట్_డ్యూటీ_సిస్టర్

డీఈ గారు చెప్పింది బాగుంది, కానీ వార్డు మార్చేయండి అని ఒక్క ముక్కలో అనేశారు. బాలింతల్ని ఎక్కడికి మారుస్తారు? మేల్ సర్జికల్ పక్కకా? నాకు 22 ఏళ్ల సర్వీసు, ఇలాంటి మార్పిడి రెండుసార్లు చేశాను. మొదటిసారి ఓపీ హాల్లో వేశారు, వారం అన్నారు, పద్నాలుగు నెలలు ఉన్నాం. మార్చేముందు చూడాల్సింది బాత్రూమ్ ఎంత దూరం, రాత్రిపూట లైట్ ఉందా, సిజేరియన్ అయిన పిల్ల మూడోరోజు ఎన్ని మెట్లు ఎక్కాలి అన్నవి. అవి చూడకుండా మారిస్తే తల్లులే చెప్పకుండా సంచులు సర్దుకుని ఇంటికి వెళ్లిపోతారు, రెండోరోజే. తర్వాత కుట్లు చీము పట్టి వస్తారు.

మొత్తం ఖాళీ చేయనక్కర్లేదు, సుత్తితో తట్టించాక డొల్ల ఎటువైపు ఉందో అటు సగం ఖాళీ చేసి మధ్యలో బెంచీలు అడ్డం పెట్టండి. తాడు కడితే మనవాళ్లు దాని మీద చీరలు ఆరేస్తారు. కింద చాపల మీద పడుకునేవాళ్లకి ఒక చోటు చూపించండి సార్. మీరు మంచాలే లెక్కపెట్టారు, కిందవాళ్లని లెక్కపెట్టలేదు. ప్రతి బాలింతకీ ఒకరు ఉంటారు, ఒక్కోసారి ఇద్దరు, ఆ పెద్దామె కిందే కదా ఉంది.

ఆ ప్లాస్టర్ గుర్తులు అంటించిన సిస్టర్‌కి నా నమస్కారాలు. మా దగ్గర గుర్తులు లేవు, బకెట్లే ఉన్నాయి. చప్పుడుకి పసిపిల్లలు లేస్తారని బకెట్లో పాత గుడ్డ వేస్తాం.

ఎలుకల సంగతి కూడా చూడండి. తడిసిన ఫాల్స్ సీలింగ్, మూతలేని డ్రైనేజీ పైపు ఉన్నచోట అవి కాపురం పెడతాయి. 2015 ఆగస్టులో గుంటూరు జీజీహెచ్‌లో ఎలుకలు కొరికి పసిబిడ్డ ప్రాణం పోయింది, అందరికీ తెలుసు. 2022 మార్చిలో వరంగల్ ఎంజీఎంలో ఐసీయూలో ఉన్న రోగిని కొరికాయి. రెండుసార్లూ జనం డాక్టర్లని, సిస్టర్లని తిట్టారు. గోడలో రంధ్రాలు ఎవరు పూడ్చాలి అని అడిగినవాళ్లు తక్కువ.

జవాబు: పన్ను_కట్టేవాణ్ణి

ఇదంతా ఎందుకండీ, 40 ఏళ్ల బిల్డింగ్‌కి అతుకులు వేయడం దండగ. కూలగొట్టి కొత్తది కట్టడమే. ఇప్పుడు ఏడాదిలో కట్టేస్తున్నారు.

జవాబు: రిటైర్డ్_డీఈ

కట్టేస్తారు, నిజమే. ఈలోగా కాన్పులు ఎక్కడ చేయాలి? ఉస్మానియా సంగతి చూడండి. మూసీ ఒడ్డున నిజాం కట్టించిన పెద్ద బిల్డింగ్, దాన్ని కూల్చి కొత్తది కడతామన్న మాట 2015లో ప్రభుత్వం నుంచే వచ్చింది. వారసత్వ కట్టడం, కూల్చొద్దు అని ఒకవైపు, కూల్చాల్సిందే అని ఇంకోవైపు, కోర్టు కేసులు. 2020 జులైలో వానకి వార్డుల్లోకి నీళ్లొచ్చి రోగులు మోకాలి లోతులో మంచాల మీద కూర్చున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. అదే నెలలో పాత బ్లాక్‌కి తాళం వేశారు. కొత్తదానికి గోషామహల్‌లో శంకుస్థాపన 2025 జనవరి 31న. తాళానికీ శంకుస్థాపనకీ మధ్య నాలుగున్నరేళ్లు. రాజధాని నడిబొడ్డున ఉన్న ఉస్మానియాకే అంత పట్టింది. ఒక ఏరియా ఆసుపత్రికి ఎంత పడుతుందో మీరే చెప్పండి. "కొత్తది వస్తుంది" అన్న మాట వినబడిన రోజు నుంచి పాతదాని మీద రూపాయి పెట్టడం ఆగిపోతుంది. నా సర్వీసులో నాకు బాగా భయం వేసిన మాట అదే.

కేరళలోనూ చూశాం. 2025 జులై 3న కొట్టాయం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో పాత టాయిలెట్ బ్లాక్ కూలి ఒకామె చనిపోయింది. కూతురికి వైద్యం చేయించడానికి వచ్చిన మనిషి. ఆ బ్లాక్ వాడకంలో లేదు అని ముందు చెప్పారు. జనం వాడుతూనే ఉన్నారు. డాక్టర్ గారూ, మీరు వార్డు సగం మూస్తే ఆ సగానికి తలుపు వేసి తాళం వేయండి, "మూసేశాం" అని ఫైల్లో రాసుకుంటే చాలదు.

జవాబు: వైర్‌మ్యాన్_అవుట్‌సోర్సింగ్

సార్ అందరూ స్లాబ్ గురించే రాస్తున్నారు. తడి గోడలో కరెంటు పైపు ఉందని ఎవరూ అనలేదు. నేను ఒక జిల్లా ఆసుపత్రిలో తొమ్మిదేళ్ల నుంచి చేస్తున్నా. బిల్డింగ్ కట్టినప్పుడు వార్డుకి నాలుగు ఫ్యాన్లు, ఆరు ట్యూబులైట్లు, దానికి సరిపడా వైరు. ఇప్పుడు అదే వైరు మీద పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు, ఏసీలు, పైగా జనం సెల్‌ఫోన్ ఛార్జర్లు. ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేయమంటారు. పెద్దది వేస్తే పడిపోదు నిజమే, గోడలో వైరు కాలుతుంది. నేను వేయను అంటే ఇంకొకడితో వేయిస్తారు. పోయినేడు ఒక స్విచ్‌బోర్డు తీస్తే వెనక పెట్టెలో నీళ్లు ఉన్నాయి, గ్లాసుడు. ఆ బోర్డుకి పిల్లల వార్మర్ పెట్టి ఉంది.

2021 జనవరి 9న మహారాష్ట్రలో భండారా జిల్లా ఆసుపత్రి పసిపిల్లల యూనిట్లో మంటలొచ్చి పది మంది పిల్లలు పోయారు. 2024 నవంబర్ 15న ఝాన్సీ మెడికల్ కాలేజీలో ఆ ఒక్క రాత్రే పది మంది. అవి అయ్యాక మాకూ ఆడిట్ అని వచ్చారు, మంట ఆర్పే సిలిండర్లు లెక్కపెట్టుకుని ఫోటోలు తీసుకుని పోయారు. ప్యానెల్ బోర్డు తలుపు తీసి చూడండి సార్ అంటే టైం లేదన్నారు.

మీరు ఏం చేయొచ్చంటే: ఆ తడి గోడ మీద ఉన్న బోర్డులన్నీ మెయిన్‌లో తీయించేయండి. వార్డుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూడండి, లేకపోతే పెట్టించండి, వేలల్లో అయిపోతుంది, మీ రెండు లక్షల్లోనే. ఎర్త్ గుంట ఎక్కడుందో మీ వైర్‌మ్యాన్‌ని అడగండి. చూపించలేకపోతే లేనట్టే.

జవాబు: సెక్షన్_సూపర్నెంట్

మెడికల్ డిపార్ట్‌మెంట్ అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను, పేరు అడగొద్దు. మీ ఫైల్ ఆగింది డబ్బు లేక కాదు అని నా అనుమానం. 38 లక్షల ఎస్టిమేట్లో నీళ్లు ఆపే పని, స్లాబ్ రిపేరు, కరెంటు పని, టైల్స్, గ్రానైట్ కౌంటర్, రంగులు అన్నీ కలిపేసి ఉంటారు. నిజమా కాదా? అలా కలిస్తే అది రిపేరో కొత్త పనో ఎవరికీ అర్థం కాదు, మెయింటెనెన్స్ హెడ్‌లో పట్టదు, కొత్త పనుల హెడ్ వాళ్లు తీసుకోరు. అక్కడ ఇరుక్కుంటుంది.

మళ్లీ వేయించేటప్పుడు ప్రాణాపాయం ఉన్న పని ఒకటిగా, మిగతావి ఇంకొకటిగా వేయించండి. జాగ్రత్త, టెండర్ తప్పించుకోడానికి ఒకే పనిని ముక్కలు చేశారని ఆడిట్ వాళ్లు రాస్తే పెద్ద తలనొప్పి. స్లాబ్ పనిని స్లాబ్ 1, స్లాబ్ 2 అని కోయకండి. స్వభావం వేరైన పనుల్ని విడదీయడంలో తప్పులేదు, ఎందుకు విడదీశారో ఒక పేరా నోట్ ఫైల్లో పెట్టండి.

హెచ్‌డీఎస్ డబ్బు గురించి. చైర్మన్ సంతకం లేకుండా కదలదు, మీ సొసైటీకి ఎమ్మెల్యే గారు చైర్మన్ అయితే మీటింగ్ డేట్ దొరకడమే ఒక పని. అందుకని చిన్న అత్యవసర రిపేర్లకి సూపరింటెండెంట్ ఫలానా మొత్తం దాకా ఖర్చుపెట్టి తర్వాత ఆమోదం తీసుకోవచ్చు అని వచ్చే మీటింగ్‌లో ఒక తీర్మానం రాయించుకోండి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కేసుల నుంచి ఆసుపత్రికి వచ్చే వాటా ఎంత జమైందో కూడా అడగండి, చాలా చోట్ల ఆ లెక్క ఒక్క క్లర్క్‌కే తెలుసు. సర్కారు ఆసుపత్రుల శుభ్రతకి ఇచ్చే కాయకల్ప్ అవార్డులో 70 శాతం దాటినా కొంత వస్తుంది, బిల్డింగ్ నిర్వహణకి అందులో మార్కులున్నాయి. కానీ స్లాబ్ ఊడుతుంటే ముందు ఆ 70 ఎలా వస్తుంది, అదో చిక్కు.

కాంట్రాక్టర్ దొరకడం అన్నిటికంటే కష్టం. పాత బిల్లులు రానివాడు కొత్త పనికి రాడు, ఆ విషయంలో వాళ్లని నేను తప్పుపట్టను.

జవాబు: లీడ్స్_నుంచి

నేను ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి సర్కారు వైద్య సేవ) ఆసుపత్రిలో ఎస్టేట్స్ విభాగంలో, అంటే బిల్డింగుల నిర్వహణలో, పనిచేస్తున్నాను, సొంతూరు తెనాలి దగ్గర. ఇక్కడంతా బ్రహ్మాండం అనుకోకండి. కింగ్స్ లిన్ అనే ఊళ్లో క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రి కప్పుని వేల కొద్దీ స్టీల్, కర్ర పోస్టులు మోస్తున్నాయి, వాటి మధ్య నుంచే ట్రాలీలు తోసుకెళ్తారు. రాక్ అని నురగలాంటి తేలిక కాంక్రీట్, 30 ఏళ్లు ఆయుష్షు అనుకుని 1950ల నుంచి వాడారు, ఆ ఆయుష్షు ఎప్పుడో దాటిపోయింది. ఇక్కడ కూడా కప్పులకి పెట్టాల్సిన డబ్బుని కొన్నేళ్లు జీతాలకి, మందులకి మళ్లించారు, ఆ ఏడాది గడిస్తే చాలని.

ఒక్కటి మాత్రం ఇక్కడ నచ్చింది. చేయకుండా వదిలేసిన రిపేర్లు ఎంతో ప్రతి ఆసుపత్రీ ఏటా లెక్క రాసి పంపాలి, అందులో ఏది ప్రాణాల మీదికి తెస్తుందో, ఏది ఆగగలదో నాలుగు రకాలుగా విడదీసి. అది అందరూ చూడొచ్చు. 2023-24 లెక్క ఇంగ్లండ్ మొత్తానికి 1,380 కోట్ల పౌండ్లు. డబ్బు వచ్చేసింది అనడం లేదు, రాలేదు కూడా. కానీ బయటపడ్డాక ఆ అంకె లేదని ఎవరూ అనలేరు. మన దగ్గర ఎన్ని కొత్త పడకలు వేశామో చెప్తారు కానీ, ఉన్న పడకల్లో ఎన్ని వాన చుక్కల కింద ఉన్నాయో ఏ కాగితం మీదా లేదు. మీ సిస్టర్ నేల మీద అంటించింది అలాంటి లెక్కే. దాన్ని ఫోటో తీసి తేదీ వేసి ఈఈ ఉత్తరానికి జతచేయండి.

కొత్త_ఆర్‌ఎంఓ (ఆరు రోజుల తర్వాత)

మేడ ఎక్కాను. మెట్ల గదికి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక సుత్తితో పగలగొట్టించాం. 43 మంచాలు లెక్కపెట్టాను, పరుపులు లెక్కపెట్టలేదు. నాలుగు పైపు మూతుల్లో మూడు మూసుకుపోయి ఉన్నాయి. ఒకదాంట్లో నుంచి పరుపు పీచు, చేతి గ్లవ్స్, ఒక పావురం అస్థిపంజరం వచ్చాయి. రావి మొక్క కూడా ఉంది, రెండు ఉన్నాయి.

ట్యాంకు, డీఈ గారూ, సరిగ్గా ఆ మూల గుర్తు పైన. ఫ్లోట్ వాల్వు ఎప్పుడో పోయింది. పొద్దున ఆరింటికి మోటార్ వేసి అటెండర్ టిఫిన్‌కి వెళ్తాడు, వచ్చి ఆపేదాకా నీళ్లు స్లాబ్ మీదే పొర్లుతున్నాయి. రోజూ. ఎన్నేళ్ల నుంచో. అంటే మేం వానాకాలం గురించి కంగారు పడుతుంటే మా స్లాబ్‌కి 365 రోజులూ వానే. వాల్వు తొమ్మిది వందలు. నా జేబులోంచి ఇచ్చి అదే మధ్యాహ్నం వేయించాను, సెక్షన్ గారు తిట్టినా సరే.

సుత్తి పరీక్ష కూడా చేశాం. మూడో వంతు డొల్ల. మూలన చువ్వ చాకుకి పొరలుగా వచ్చింది.

జవాబు: రిటైర్డ్_డీఈ

ఆ మూల కింద ఇవాళ రాత్రి ఎవర్నీ ఉంచకండి. ట్యాంకులో సగం నీళ్లే నింపించండి, బరువు తగ్గుతుంది. జాకీలకి ఏఈని పిలవండి, రాకపోతే దగ్గర్లో ఇంజినీరింగ్ కాలేజీ ఉంటే సివిల్ డిపార్ట్‌మెంట్ వాళ్లని అడగండి, స్లాబ్ పరీక్షలు చేసి రిపోర్టు ఇస్తారు, ఫీజు ఉంటుంది. మంచాలు దించేటప్పుడు ఆ మూల మీదుగా ఈడవకండి. పైనుంచి కిందికి విసరొద్దని కూడా చెప్పండి, విసురుతారు.

కొత్త_ఆర్‌ఎంఓ (జులై)

చాలామంది ఏమైందని మెసేజ్‌లు పెట్టారు, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. ఈఈ గారి నుంచి "ఆ భాగంలో రోగులను ఉంచరాదు" అని కాగితం రావడానికి 19 రోజులు పట్టింది, అది వచ్చిన వారానికే కలెక్టర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వార్డులో ఎనిమిది జాకీలు ఉన్నాయి. సగానికి తలుపు, తాళం. మిగిలిన బాలింతల్ని సిస్టర్ చెప్పిన లెక్కలన్నీ చూసుకుని కింద కంటి వార్డులోకి మార్చాం, కంటి వార్డువాళ్లు నాతో మాట్లాడటం లేదు. చాపలకి ఒక వరండా ఇచ్చాం, ఫ్యాన్లు రెండు పెట్టించాం. తడి గోడ బోర్డులు తీయించాం. వైర్‌మ్యాన్ అన్నా, మా వాడు ఎర్త్ గుంట చూపించలేకపోయాడు. కొత్తది తవ్వించాం.

ఎస్టిమేట్ రెండుగా వేశారు. స్లాబ్ వరకు 11 లక్షల చిల్లర, అది సాంక్షన్ అయింది, కాంట్రాక్టర్ ఇంకా రాలేదు. మంచాలు 43లో 43 ఇప్పుడు సైకిల్ స్టాండులో ఉన్నాయి. కండెమ్నేషన్ కమిటీ కూర్చోవాలి.

మొన్న రాత్రి పెద్ద వాన పడింది. తెల్లారి ఐదింటికి వెళ్లాను. ఏడు గుర్తుల్లో నాలుగు పొడిగా ఉన్నాయి. హెడ్ సిస్టర్ ఆ నాలుగిటి ప్లాస్టర్ గోటితో పీకి, చేతికి అంటుకున్న జిగురు రుద్దుకుంటూ, కింది అంతస్తు కారిడార్‌లోకి దిగి అక్కడ కొత్తగా ఒకటి అంటించింది. అది అక్కడి బాత్రూమ్ గోడని ఆనుకుని ఉంది. డీఈ గారూ, ఫోటో పెడుతున్నా, చూసి చెప్పండి.

జవాబు: రిటైర్డ్_డీఈ

ఫోటో తెరుచుకోవట్లేదు, మళ్లీ పెట్టండి. ఈలోగా పై బాత్రూమ్‌లో నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే గుంట) జాలీ తీసి ఒక బకెట్ రంగు నీళ్లు పోయించి చూడండి. కింద గోడ మీద ఆ రంగు దిగితే సంగతి తేలిపోతుంది.